నవంబర్ డీర్ సీజన్‌కి వాటర్‌ప్రూఫ్ బూట్లు: రబ్బరా, లెదరా?

ఇందూరు_టు_మాడిసన్

అందరికీ నమస్తే. విస్కాన్సిన్‌లో ఉంటున్నా, ఈ నవంబర్‌లో మొదటిసారి గన్ డీర్ సీజన్‌కి, అంటే తుపాకీతో జింకల వేటకి పోతున్నా. మా ఆఫీస్‌లో ఒకాయనకి ఉత్తరం వైపు సొంత భూమి ఉంది, వాళ్ళ ఇంట్లో తాతల కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అంట, థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు ఉంటది కదా, అందులో మొదటి శని ఆదివారాలు నన్ను కూడా రమ్మన్నడు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అయిపోయింది, ఇక్కడ 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్ళకి అది కంపల్సరీ. లైసెన్స్, ఆరెంజ్ జాకెట్ అన్నీ రెడీ. ఆగిపోయింది బూట్ల దగ్గరే.

స్థలం ఎట్లుంటదంటే, బండి పెట్టే చోటు నుంచి ట్రీ స్టాండ్ (చెట్టు మీద కట్టే కూసునే పీట) దాకా ముప్పావు మైలు నడక, అందులో సగం చిత్తడి నేల, ఆల్డర్ పొదలు, మధ్యలో చిన్న కాలువ దాటాలె. నీళ్ళు చీలమండ పైదాకా వస్తయంట, పైన పల్చగా ఐస్ కట్టి ఉంటే కాలు పెట్టంగనే విరిగి లోపలికి దిగుతది అని చెప్పిండు. తెల్లారకముందే స్టాండ్ ఎక్కితే మధ్యాహ్నం దాకా కదలకుండా కూసోవాలె. పొద్దున పూట 15, 20 ఫ్యారన్‌హీట్, అంటే మైనస్ 9, 7 సెల్సియస్ ఉండొచ్చు.

బడ్జెట్ 250 డాలర్లు, ఇంకొంచెం పెరిగినా పర్లేదు గానీ మళ్ళీ మళ్ళీ కొనే పని ఉండొద్దు. షాప్‌కి పోతే ఒక గోడ మొత్తం బూట్లే, ఒకదాని మీద 400 గ్రామ్ అని ఉంది, ఇంకోదాని మీద 1000 గ్రామ్, గోర్‌టెక్స్ ఉన్నవి, సొంత పేరుతో ఏదో డ్రై టెక్నాలజీ అని రాసుకున్నవి... అన్నింటి మీదా వాటర్‌ప్రూఫ్ అనే ఉంది. రబ్బర్ తీస్కోవాలా లెదర్ తీస్కోవాలా, ఎన్ని గ్రాములు, సైజు ఎట్ల చూస్కోవాలె, అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి ప్లీజ్.

గ్రీన్‌బే_గోదారోడు

తమ్ముడూ, వాటర్‌ప్రూఫ్ సంగతి కాసేపు పక్కన పెట్టు. నువ్వు నడిచేది ముప్పావు మైలు, కూర్చునేది ఆరు గంటలు. షాపులో హంటింగ్ బూట్స్ అని అన్నీ ఒకే గోడకి పెడతారు కానీ నడిచే వేటకి వేరే బూటు, కూర్చునే వేటకి వేరే బూటు, నీది పక్కాగా కూర్చునే వేట.

నువ్వు చెప్పిన చోటికి మోకాలి కింద దాకా వచ్చే రబ్బరు బూట్లే కరెక్ట్, లోపల నియోప్రీన్ (స్పాంజి లాంటి రబ్బరు) పొర ఉండి పైన రబ్బరు ఉండేవి, లాక్రాస్ ఆల్ఫాబర్లీ, మక్ బూట్ వాళ్ళవి, ఆ టైపు. మంచివి రెండొందల డాలర్ల చుట్టుపక్కల ఉంటాయి. ఎందుకంటే లెదర్ హంటింగ్ బూటు ఖరీదైనదైనా మామూలుగా ఎనిమిది, పది అంగుళాల ఎత్తే ఉంటుంది, ఐస్ విరిగి కాలు దిగిందంటే నీళ్ళు పై నుంచి లోపలికి వస్తాయి, అప్పుడు బయటి నీళ్ళు ఆపడానికి లోపల వేసిన నీ గోర్‌టెక్స్ పొర ఏం చేస్తుంది? వచ్చిన నీళ్ళని బయటికి పోనివ్వకుండా పట్టుకుంటుంది, అంతే. ఇంకోటి, లెదర్, గుడ్డ వాసన పట్టుకున్నట్టు రబ్బరు పట్టుకోదు, నువ్వు నడిచి వెళ్ళిన దారినే జింక దాటుతుంది కాబట్టి అది కూడా లెక్కలోకి వస్తుంది. పెట్రోల్ బంక్‌లో మాత్రం ఆ బూట్లతో దిగొద్దు, ఆ వాసన అడుగుకి అంటుకుంటుంది.

గ్రాముల గురించి. అది బూటు బరువు కాదు, లోపల వేసిన థిన్సులేట్ లాంటి ఇన్సులేషన్ (వెచ్చదనం కోసం వేసే దూది లాంటి పొర) చదరపు మీటర్‌కి ఎన్ని గ్రాములు అని. 200, 400 అంటే తిరిగేవాళ్ళకి. 800 నుంచి 1200 దాకా చలిలో కూర్చునేవాళ్ళకి. నువ్వు చెప్పిన చలికి 1000 పెట్టుకో.

ఇప్పుడు అసలు సమస్యకి వస్తా. నవంబర్‌లో స్టాండ్ మీద కాళ్ళు గడ్డకట్టేవాళ్ళలో ఎక్కువమందికి బూట్లోకి బయటి నీళ్ళు రావు, వాళ్ళ చెమటే వాళ్ళని తడుపుతుంది. రబ్బరులోంచి ఆవిరి బయటికి పోదు. 1000 గ్రాముల బూటేసుకుని, ఒంటి మీద మూడు పొరలేసుకుని, లేటవుతుందని చీకట్లో గబగబా నడిచావనుకో, స్టాండ్ దగ్గరికి వచ్చేసరికి సాక్స్ తడిసిపోతాయి. మొదటి గంట ఏమీ తెలీదు, రెండో గంటలో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూడో గంటకి దిగిపోతావ్. మా బ్యాచ్ పద్ధతి ఏంటంటే, అరగంట ముందే బయలుదేరతాం, జాకెట్ నడుముకి కట్టుకుని చలేస్తున్నట్టే నడుస్తాం, పల్చటి సాక్స్‌తో. స్టాండ్ కింద ఒక చెట్టు మొదట్లో కూర్చుని బూట్లు విప్పి, కాళ్ళు పొడి గుడ్డతో వేళ్ళ సందుల్లో కూడా తుడుచుకుని, జిప్‌లాక్ కవర్లో తెచ్చిన మందపాటి ఉన్ని సాక్స్ వేసుకుని అప్పుడు పైకెక్కుతాం. చీకట్లో ఆ చలికి పాదం బయట పెట్టాలంటే ఎవరికైనా బద్ధకమే, కానీ నేను ఏ కొత్తవాడికైనా ఒక్క పని చెప్పమంటే ఇదే చెప్తా, బూటు బ్రాండ్ కన్నా ముందు ఇదే చెప్తా.

కొలరాడో_కిట్టు

గోదారోడు అన్న చెప్పింది ఆ స్థలానికి కరెక్టే. కానీ ప్రశ్న అడిగిన ఇందూరు తమ్ముడు మళ్ళీ మళ్ళీ కొనకూడదు అన్నాడు కాబట్టి లెదర్ వైపు కూడా చెప్తాను, రేపు ఎవరైనా ఎల్క్ (కొండల్లో ఉండే పెద్ద జాతి జింక) వేటకి రమ్మంటే రబ్బరు బూట్లతో కొండ ఎక్కలేరు. మేం ఇక్కడ పదివేల అడుగుల ఎత్తులో రోజంతా ఎక్కీ దిగీ తిరుగుతాం, దొరికితే మాంసం వీపు మీద మోసుకుంటూ దిగాలి, ఆ బరువుకి చీలమండని గట్టిగా పట్టుకునే లెదర్ బూటు లేకపోతే కాలు మడత పడిపోతుంది.

మెంబ్రేన్, అంటే బూటు లోపలి ఆ వాటర్‌ప్రూఫ్ పొర, ఏంటో తెలిస్తే సగం కన్‌ఫ్యూజన్ పోతుంది. గోర్‌టెక్స్ అనేది మొదట సాగదీసిన టెఫ్లాన్ పొరగా వచ్చింది, 1969లో బాబ్ గోర్ కనిపెట్టాడు. దాంట్లో రంధ్రాలు నీటి చుక్క కన్నా సుమారు 20 వేల రెట్లు చిన్నవి, కానీ నీటి ఆవిరి అణువు కన్నా 700 రెట్లు పెద్దవి అని కంపెనీ లెక్క. అందుకే బయటి నీళ్ళు రావు, లోపలి ఆవిరి పోతుంది. బూట్లో అది లోపల ఒక సాక్ లాగా కుట్టి ఉంటుంది, పైన లెదర్, కింద లైనింగ్. ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, పైన లెదర్ నీళ్ళు పీల్చేసి నానిపోయిందనుకోండి, మెంబ్రేన్ బాగానే ఉన్నా ఆవిరి పోయే దారి ఉండదు, లోపల చెమట పట్టి బూటు లీకయింది అనుకుంటాం. రెండు, ఆ పొర చాలా పల్చన, లోపలికి ఇసుక, గడ్డి గింజలు పోయి రోజూ రాపిడి పెడితే, లేదా బూటు మడత పడే చోట వందలసార్లు నలిగితే అది చిరుగుతుంది. చిరిగితే బాగు చేయడం దాదాపు కుదరదు. అంటే మెంబ్రేన్‌ని నమ్ముకుని నాసిరకం లెదర్ బూటు కొంటే ఒకట్రెండు సీజన్లలో అది మామూలు బూటు అయిపోతుంది. మంచి లెదర్ ఉంటే మెంబ్రేన్ పోయినా మైనం పట్టించుకుని లాగించొచ్చు.

కాబట్టి షాపులో ట్యాగ్ చదవడం మానేసి బూటు చేతిలోకి తీసుకుని చూడండి. ఫుల్ గ్రెయిన్ లెదర్ (తోలు పై పొర) అని ఉండాలి, స్ప్లిట్ లెదర్ (తోలు కింది పొర) మీద ప్లాస్టిక్ పూత వేసినవి మెరుస్తాయి గానీ మడతల దగ్గర పగులుతాయి. కుట్లు ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిది, ప్రతి కుట్టూ సూది పెట్టిన కన్నాల వరసే కదా, ముందు భాగం ఒకే ముక్క తోలుతో ఉండి కింద చుట్టూ రబ్బరు పట్టీ ఉంటే రాళ్ళకీ నీళ్ళకీ ఆగుతుంది. బూటుని వేళ్ళ దగ్గర వంచి చూడండి, లేసుల కింద ఉండే నాలుక రెండు పక్కలా లెదర్ పైదాకా కలిపి కుట్టారా లేదా చూడండి, కలపకపోతే లేసుల దగ్గర నుంచే నీళ్ళు వస్తాయి. అడుగు అరిగితే కొత్తది వేయించుకోవడానికి వీలుందా అని అడగండి, కొన్ని కంపెనీలు పాత బూట్లు తీసుకుని కొత్త సోల్ వేసి పంపిస్తాయి, డానర్ వాళ్ళకి ఆ సర్వీస్ ఉంది. అన్నట్టు ఆ డానర్ 1932లో మొదలైంది మీ విస్కాన్సిన్‌లోనే, చిప్పెవా ఫాల్స్‌లో, తర్వాత పోర్ట్‌లాండ్ వెళ్ళిపోయారు.

ఇంకో ముఖ్యమైన మాట, సేల్‌లో చవగ్గా వచ్చిందని పాత స్టాక్ తీసుకోకండి. చాలా బూట్ల మధ్య సోల్ పాలీయురేథేన్‌తో చేస్తారు, అది గాల్లో తేమకి ఏళ్ళ తరబడి మెల్లగా విరిగిపోతూ ఉంటుంది, వాడకుండా పెట్టెలో ఉంచినా సరే. బయటికి కొత్తగానే కనిపిస్తుంది, అడవి మధ్యలో సోల్ పిండి పిండిగా రాలిపోతుంది.

ఇందూరు_టు_మాడిసన్

అన్నా ఇద్దరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలే. ఒక డౌట్. రబ్బర్ కింద, లెదర్ పైన ఉండే రకం కూడా చూసిన షాప్‌లో, లోపల మందపాటి ఫెల్ట్ గుడ్డ బయటికి తీసెయ్యొచ్చు. అవి రెండింటికీ మధ్యలో సెట్ అయితయా?

గ్రీన్‌బే_గోదారోడు

వాటిని పాక్ బూట్స్ అంటారు, మన చలికి అవి కూడా బాగా పనికొస్తాయి. ఈ రకం పుట్టిందే వేటగాళ్ళ కోసం. అమెరికాలోని మేన్ (Maine) రాష్ట్రంలో లియోన్ లియన్‌వుడ్ బీన్ అనే ఆయన వేటకెళ్ళి కాళ్ళు తడుపుకుని వచ్చి, పనివాళ్ళు తొడుక్కునే రబ్బరు తొడుగుకి పైన లెదర్ కుట్టించాడు, 1912లో అమ్మడం మొదలెట్టాడు. మొదటి వంద జతల్లో తొంభై వెనక్కొచ్చాయి, రబ్బరూ లెదరూ కలిపిన కుట్టు దగ్గర చిరిగిపోయి. ఆయన అందరికీ డబ్బులు తిరిగిచ్చి, అప్పు చేసి, బూటు సరిచేసి మళ్ళీ అమ్మాడు, ఎల్.ఎల్.బీన్ కంపెనీ అలా నిలబడింది. ఇవాళ్టికీ పాక్ బూటు కొనేటప్పుడు చూడాల్సిన చోటు అదే, రబ్బరూ లెదరూ కలిసే చోట రెండు మూడు వరసల కుట్టు ఉందా, లోపల సీల్ చేశారా అని.

ఫెల్ట్ లైనర్‌తో లాభం ఏంటంటే రాత్రి క్యాబిన్‌కి రాగానే బయటికి లాగి ఆరేసుకోవచ్చు, ఇంకో జత లైనర్లు కొనుక్కుంటే రెండో రోజు పొద్దున పొడివి వేసుకుంటావ్. రబ్బరు బూటులో ఇన్సులేషన్ అంటుకునే ఉంటుంది, తడిస్తే ఒక్క రాత్రిలో ఆరడం కష్టం. నష్టం ఏంటంటే బరువు, వదులుగా ఉంటాయి, నడుస్తుంటే కాలు లోపల ఊగుతుంది. కాలువ దాటడం లేకపోతే నేను నీకు ఇవే చెప్పేవాణ్ణి. నీళ్ళు చీలమండ పైదాకా అన్నావ్ కాబట్టి నా ఓటు పొడుగు రబ్బరుకే.

మెస్కీట్_ముల్లు

టెక్సస్ నుంచి అన్నా. దక్షిణ టెక్సస్‌లో వేటకి పోయేటోళ్ళు ఎవరన్నా ఈ థ్రెడ్ జూసి రబ్బర్ బూట్లు కొనకుండ్రి. ఇక్కడ నీళ్ళ కన్నా ముండ్లు, పాములే ఎక్కువ. మెస్కీట్ చెట్టు ముల్లు రబ్బర్‌ల మైనంలకు సూది దిగినట్టు దిగి లోపలికొస్తది, ఒక్క కన్నం పడితే ఇగ వాటర్‌ప్రూఫ్ లేదు ఏం లేదు. ర్యాటిల్‌స్నేక్స్ (తోక ఆడించే విషప్పాములు) ఉన్న జాగల స్నేక్ బూట్స్ అనే పేరుతోని అమ్ముతరు, మోకాలి కింది దాకా ఉండి చుట్టూ కోర దిగని గట్టి నేత గుడ్డ ఉంటది, అవే తీస్కోవాలె. ఎండలు పడ్డ రోజు జనవరిల కూడా పాములు బయటికొస్తయి. ఇన్సులేషన్ జోలికి అస్సలు పోవద్దు, కాళ్ళు ఉడికిపోతయి.

డులూత్_సుధ

ఫిట్టింగ్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, సగం కాళ్ళు చల్లబడేది అక్కడే. మినసోటాలో మావారూ నేనూ ఇద్దరం వెళ్తాం, ఆడవాళ్ళకి ఇక్కడ ఇంకో ఇబ్బంది, చాలా మోడల్స్ మగవాళ్ళ సైజుల్లోనే బాగుంటాయి, చిన్న సైజు మగవాళ్ళ బూటు వేసుకుంటే మడమ దగ్గర వదులు, నడిచిన కొద్దీ మడమ లేచి లేచి పడి బొబ్బలు. ఆడవాళ్ళ అచ్చు మీద చేసిన జత దొరికేదాకా వెతకడమే మంచిది.

ఇందూరు గారూ, బూట్లు సాయంత్రం పూట వెళ్ళి చూడండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. వేటకి వేసుకునే మందపాటి సాక్స్ తీసుకెళ్ళి వాటితోనే వేసుకోండి. లేసులు కట్టకముందు పాదం ముందుకి నెట్టి నిలబడితే మడమ వెనక ఒక వేలు దూరాలి. కట్టాక వేళ్ళన్నీ లోపల ఆడించగలగాలి, అదే సమయంలో నడిస్తే మడమ లేవకూడదు. షాపులో ఏటవాలు పలక ఉంటే దాని మీద కిందకి నడవండి, బొటనవేలు ముందుకి తగిలితే ఆ సైజు వద్దు. ముందు పాదం వెడల్పుగా ఉంటే పొడుగు సైజు పెంచకండి, అదే సైజులో వైడ్ అడగండి, పెట్టె మీద ఈఈ అని ఉంటుంది. ఇన్సులేషన్ ఎక్కువ ఉన్న బూట్లకి అర సైజు పెద్దది తీసుకోవాల్సి వస్తుంది తరచుగా.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, చలి ఎక్కువ కదా అని రెండు జతల మందపాటి సాక్స్ ఇరికిస్తారు చాలామంది. బిగుతైతే రక్తం సరిగ్గా తిరగదు, ఉన్నిలో గాలి నిలిచే చోటు కూడా నలిగిపోతుంది, వెచ్చదనం ఇచ్చేది ఆ గాలే. ఒక పల్చటి లోపలి సాక్, దాని మీద ఒక మెరినో ఉన్ని సాక్, అంతకన్నా వద్దు. కాటన్ సాక్స్ అయితే ఇంట్లోనే వదిలేయండి, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది.

కొన్నాక ఇంట్లో వేసుకుని తిరగండి, కార్పెట్ మీద మాత్రమే, సోల్ శుభ్రంగా ఉంటే వెనక్కి ఇవ్వడానికి ఇబ్బంది ఉండదు. ఫిట్ ఖాయం అనుకున్నాక ఒక బకెట్‌లో చీలమండ దాకా నీళ్ళు పోసి పది నిమిషాలు అందులో నిలబడండి, లోపల పల్చటి రంగు సాక్స్ వేసుకుంటే చిన్న తడి కూడా మచ్చలా కనపడుతుంది. సీజన్ మొదటి రోజు తెలిసేకన్నా బాత్రూంలో తెలియడం నయం.

కొలరాడో_కిట్టు

సుధ గారు చెప్పిన బకెట్ టెస్ట్ సూపర్. దానికి తోడు ఆరబెట్టడం గురించి ఒక మాట. క్యాబిన్‌లో కట్టెల పొయ్యి ఉంటుంది, అందరి బూట్లూ దాని పక్కనే పెట్టేస్తారు, లెదర్ అయితే ఎండి చెక్కలా గట్టిపడి పగుళ్ళు వస్తాయి, సోల్ అంటించిన జిగురు వదిలేస్తుంది. ఇన్‌సోల్స్ బయటికి తీసి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, తడిసినప్పుడల్లా మార్చండి. కరెంట్ ఉంటే తక్కువ వేడి గాలి పంపే బూట్ డ్రయ్యర్లు దొరుకుతాయి, అవి సేఫ్. లెదర్‌కి మైనం పట్టించేది బూటు శుభ్రం చేశాకే, బురద మీద పూస్తే బురదే లోపలికి పోతుంది.

కొత్తగా_వచ్చా

మధ్యలో వస్తున్నందుకు సారీ అండి, నేను హెచ్1బీ మీద ఉన్నాను, నన్నూ ఫ్రెండ్స్ రమ్మంటున్నారు. బూట్ల సంగతి తర్వాత, అసలు మాకు తుపాకీ పట్టుకోవడం కుదురుతుందా?

గ్రీన్‌బే_గోదారోడు

మామూలుగా అయితే హెచ్1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం, అరువు తీసుకున్నా అంతే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు ఉంది. కాబట్టి లైసెన్స్ చేతికి రాకముందు షూటింగ్ ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి కూడా వెళ్ళొద్దు. వీసాతో ముడిపడ్డ విషయం, ఫోరమ్‌లో మాట మీద నడవకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడిగి అప్పుడు అడుగు వేయండి.

ఇందూరు_టు_మాడిసన్

అప్‌డేట్. నిన్న సాయంత్రం సాక్స్ పట్టుకుని పోయి రబ్బర్‌వి తీస్కున్నా, 18 అంగుళాల ఎత్తు, 1000 గ్రామ్, నా మామూలు సైజు మీద అర సైజు పెద్దది, మడమ లేవట్లే, వేళ్ళు ఆడుతున్నయి. 220 అయింది. బకెట్‌లో నిలబడ్డా, చుక్క రాలే. స్టాండ్ దగ్గర మార్చుకోనీకి ఉన్ని సాక్స్ రెండు జతలు, జిప్‌లాక్ కవర్ కూడా బ్యాగ్‌ల పెట్టేసిన. సుధక్కా, ఆఖరి ప్రశ్న: కాలికి అంటించుకునే టో వార్మర్స్ అమ్ముతున్నరు కదా, అవి వేళ్ళ కింద పెట్టాలా పైన పెట్టాలా?

డులూత్_సుధ

మంచి పని చేశారు. టో వార్మర్‌లో ఉండేది ఇనుప పొడి, గాలి తగిలితే తుప్పు పట్టి వేడి పుట్టిస్తుంది, కాబట్టి దానికి కాస్తయినా గాలి ఆడాలి. కింద పెడితే బరువుకి నలుగుతుంది, నడుస్తుంటే ముద్దలా తగులుతుంది కూడా. లోపలి పల్చటి సాక్ మీద, వేళ్ళ పైభాగంలో అంటించి, దాని మీద ఉన్ని సాక్ వేసుకోండి. చర్మానికి నేరుగా అంటించొద్దు, కాలుతుంది. స్టాండ్ కింద సాక్స్ మార్చుకునేటప్పుడే ప్యాకెట్ విప్పి ఐదు పది నిమిషాలు గాల్లో ఉంచి అప్పుడు పెట్టుకోండి, బూట్లోకి వెళ్ళాక గాలి తక్కువ కాబట్టి చల్లగా ఉన్నదాన్ని లోపల పెడితే వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది.